పిల్లుల షెల్టర్లకు తిండి ఎందుకంత భారమవుతోంది?

పిల్లుల షెల్టర్ నడిపేవాళ్లు తిండికి డబ్బుల్లేవని సాయం అడిగితే చాలామందికి వచ్చే మొదటి సందేహం ఒకటే. పిల్లి ఎంత తింటుందని? గుప్పెడు అన్నం, కాసిని పాలు, మిగిలిన చేప ముక్క వేస్తే సరిపోదా? చిక్కంతా ఈ సందేహంలోనే ఉంది. పిల్లి తినే మోతాదు తక్కువేనన్న మాట నిజం. దాని ఒంటికి పట్టే తిండి మాత్రం మనుషుల వంటింట్లో మిగిలేది కాదు.

షెల్టర్ ఖర్చుల్లో వాయిదా వేయడానికి వీల్లేనిది తిండి ఒక్కటే. అద్దె ఒక నెల ఆలస్యమైతే ఇంటి ఓనరును బతిమాలుకోవచ్చు. తెలిసిన వెటర్నరీ డాక్టర్ దగ్గర ఖాతా పెట్టొచ్చు. షెడ్డు రిపేరు వానలు వచ్చేదాకా ఆగుతుంది. గిన్నెలు మాత్రం రెండు పూటలా నిండాలి. కాబట్టి ఆదాయం ఏ కారణంతో తగ్గినా దెబ్బ తిండి దగ్గరే బయటపడుతుంది. 'ఇంకో మూడు రోజులకే సరుకు ఉంది' అన్న విజ్ఞప్తి జనం కంట్లో పడేసరికి ఆ షెల్టర్ ఎన్నో నెలలుగా అప్పులు సర్దుకుంటూ నెట్టుకొస్తూ ఉంటుంది. ఒకసారి బస్తాలు పంపిస్తే ఆ వారం గడుస్తుంది. వచ్చే నెల మళ్లీ అదే విజ్ఞప్తి ఎందుకు వస్తుందో అర్థం కావాలంటే లెక్క మొదటి నుంచీ చూడాలి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన నాలుగు కిలోల పెద్ద పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 240 కేలరీలు కావాలి. డ్రై ఫుడ్ రూపంలో అయితే అది 60 గ్రాముల చిల్లర. 100 పిల్లులున్న చోట రోజుకు 6 కిలోలు, నెలకు 180 కిలోలు. బస్తాల లెక్కన కొంటే కిలో 250 రూపాయలకు దొరికిందనుకుందాం. నెలకు 45,000 రూపాయలు. ఇది అన్నీ ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లులే అయితే వచ్చే అంకె. ఏ షెల్టర్‌లోనూ అలా ఉండదు. ఎదిగే కూనలకు ఒంటి బరువు ప్రకారం చూస్తే పెద్దవాటికంటే రెండు మూడు రెట్లు శక్తి కావాలి. పాలిచ్చే తల్లి మామూలుగా తినేదానికి రెట్టింపు పైనే తింటుంది. మూత్రం బ్లాకైన మగ పిల్లికి, కిడ్నీ దెబ్బతిన్న ముసలి పిల్లికి డాక్టర్ రాసిన ప్రత్యేకమైన తిండి పెట్టాలి, దాని ధర మామూలు తిండికి చాలా ఎక్కువ. తల్లి లేని పసికూనలకు ఆవు పాలు పడవు. వాటికోసం తయారయ్యే పాలపొడి కొని, తొలి వారాల్లో రెండు మూడు గంటలకొకసారి రాత్రీ పగలూ పట్టాలి.

ఖర్చు తగ్గించుకోవాలనుకునే వాళ్లకు మొదట తోచేది అన్నం కలపడం. కుక్కల షెల్టర్లు చాలావరకు అలాగే గట్టెక్కుతాయి. పెద్ద గిన్నెలో అన్నం, పసుపు, కాస్త చికెన్ వేసి ఉడికించి పెడితే కుక్క తిని అరిగించుకుంటుంది. పిల్లి పుట్టుకే వేరు. అది మాంసం మీదే బతకాల్సిన జంతువు. దాని కాలేయం ప్రోటీన్‌ను నిరంతరం ఖర్చు చేస్తూనే ఉంటుంది, తిండి తగ్గింది కదా అని పొదుపు చేయడం దానికి పెద్దగా రాదు. అమెరికాలో పాటించే ప్రమాణాల ప్రకారం పెద్ద పిల్లి తిండిలో తేమ తీసేసి చూస్తే కనీసం 26 శాతం, కూనల తిండిలో 30 శాతం ప్రోటీన్ ఉండాలి. బియ్యంలో ఉండేది 7 శాతం అటూ ఇటూ. గిన్నెలో అన్నం పెరిగేకొద్దీ కడుపు నిండినట్టు కనిపిస్తుంది, ఒంట్లో కండ కరిగిపోతూ ఉంటుంది.

టౌరిన్ అనే పదార్థం సంగతి ఇంకా ముఖ్యం. కుక్కలు చాలావరకు దీన్ని ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. పిల్లులు సరిపడా తయారు చేసుకోలేవు, మాంసం, చేపల నుంచి రావాల్సిందే. టౌరిన్ అందని పిల్లులకు కంటి వెనక పొర చెడిపోయి చూపు పోతుందని 1975లో తేలింది. అదే లోపంతో గుండె కండరం సాగిపోయి పిల్లులు చనిపోతున్నాయని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ పియాన్ బృందం బయటపెట్టింది. అప్పటిదాకా పేరున్న కంపెనీల తిండి తిన్న పిల్లులు కూడా ఇలా చనిపోయేవి. ఆ పరిశోధన తర్వాతే కంపెనీలు టౌరిన్ మోతాదు పెంచాయి, దాంతో ఆ గుండె జబ్బు బాగా తగ్గిపోయింది. చూపు పోవడం, గుండె ఆగడం ఒక్క రోజులో జరిగేవి కావు, నెలల తరబడి నిశ్శబ్దంగా సాగుతాయి. చవక తిండితో నెట్టుకొస్తున్న షెల్టర్‌కు నష్టం కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. పైగా అప్పుడు వచ్చే వైద్యం ఖర్చు మిగిల్చిన తిండి డబ్బులకంటే ఎక్కువ.

పాల మీద నమ్మకం కూడా వదులుకోవాల్సిందే. పాలు మానిన తర్వాత చాలా పిల్లులకు పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. ఫంక్షన్ హాళ్లలో, హోటళ్లలో మిగిలిన బిర్యానీ, కూరలు తీసుకెళ్లమని మంచి మనసుతో ఫోన్ చేసేవాళ్లు ఉంటారు. వాటిలో ఉల్లి, వెల్లుల్లి లేనివి ఎన్ని? ఉల్లి జాతి ఏదైనా పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, ఉడికించినా ఆ గుణం పోదు. ఇచ్చేవాళ్ల మనసు నొచ్చుకోకుండా ఆ తిండి వద్దని చెప్పడం షెల్టర్ వాళ్లకు ఒక ఇబ్బంది.

మరి తాజా మాంసం? ఉడికిన బోన్‌లెస్ చికెన్ 100 గ్రాముల్లో సుమారు 160 కేలరీలు ఉంటాయి. ఒక పిల్లికి రోజుకు 140 గ్రాములు కావాలి, పచ్చిగా తూచితే 190 గ్రాముల దాకా. 100 పిల్లులకు రోజుకు 19 కిలోల మాంసం. ఏ ధర వేసుకున్నా డ్రై ఫుడ్ కంటే ఇదే ఖరీదు. ఇంట్లో వండి పెడితే చవక అనే మాట ఒకటి రెండు పిల్లుల దగ్గర చెల్లుతుందేమో కానీ వంద పిల్లుల దగ్గర చెల్లదు. గ్యాసు, వండే మనిషి కూలీ ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

అందుకే మన ఊళ్లలో చాలా షెల్టర్లు, ఇంట్లోనే పదీ ఇరవై పిల్లులను సాకే ఫీడర్లు చికెన్ షాపు మీద ఆధారపడతారు. మనుషులు పెద్దగా కొనని తలకాయలు, మెడలు, కాళ్లు, గుండెకాయలు, కార్జం తక్కువ ధరకు దొరుకుతాయి. వీటిలో గుండెకాయ నిజంగా మంచి తిండి, టౌరిన్ బాగా ఉంటుంది. కార్జం ఎక్కువైతే విటమిన్-ఎ మితిమీరి ఎముకలకు చేటు. కాళ్లు, మెడల్లో ఎముక, తోలు ఎక్కువ, కండ తక్కువ. ఉడికించినప్పుడు టౌరిన్ నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయకుండా తిండిలోనే కలపాలి. ఉడికిన ఎముకలు విరిగి గొంతులో, పేగులో గుచ్చుకోవచ్చు గనుక వాటిని ఏరేయాలి. ఇన్ని జాగ్రత్తలతో వండగలిగే మనిషి ఉన్న చోట ఈ పద్ధతి బాగానే నడుస్తుంది.

అయితే చికెన్ షాపు సరఫరా కాలాన్ని బట్టి మారుతుంది. తెలుగు రాష్ట్రాల్లో కార్తీక మాసంలో మాంసం అమ్మకాలు తగ్గుతాయి. కోడి ధర పడుతుంది, కోసే కోళ్లు తగ్గడంతో తలకాయలూ మెడలూ తగ్గుతాయి. ఎండాకాలంలో వేడికి ఫారాల్లో కోళ్లు చనిపోయి ధర ఎక్కుతుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు చికెన్ కొనేవాళ్లే కరువయ్యారు. పిల్లులు పెంచేవాళ్లకు ఆ వార్త ఇంకో రకంగా భయపెట్టేది. బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్ పిల్లులకు చాలా తేలిగ్గా సోకుతుంది, సోకితే బతకడం కష్టం. 2023 వేసవిలో పోలండ్‌లో పెంపుడు పిల్లులు వరుసగా ఈ వైరస్‌తో చనిపోయాయి, పచ్చి కోడి మాంసం మీద అనుమానం బలంగా వినిపించింది. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లోనూ ఈ వైరస్ కనిపించింది. బాగా ఉడికిస్తే వైరస్ చస్తుంది. గ్యాసు మిగుల్చుకోవడానికి పచ్చి మాంసం వేసేయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చెప్పొచ్చు.

విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో చేప ఉంది కదా అనిపిస్తుంది. కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపలు హార్బర్ దగ్గర చవకగా దొరికే రోజులు ఉంటాయి. కానీ తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి అది అవసరమే. ఆ రెండు నెలలూ హార్బర్ చుట్టూ బతికే వీధి పిల్లులకూ, ఆ చేప మీద ఆధారపడ్డ షెల్టర్లకూ గడ్డుకాలం. అదే సమయంలో కూనల రాకా ఎక్కువగా ఉంటుంది. పిల్లుల ఎదకు పగటి వెలుగుతో సంబంధం ఉంది. మన దగ్గర శీతాకాలంలోనూ పగలు మరీ చిన్నది కాదు కాబట్టి దాదాపు ఏడాదంతా పిల్లలు పెడతాయి, పగలు పెరుగుతున్న నెలల తర్వాత మరింత ఎక్కువ. చేప దొరికినా రోజూ అదే పెట్టడం మంచిది కాదు. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది, నూనె చేపలే పెడుతూ పోతే విటమిన్-ఇ కొరత వస్తుంది.

ఇవన్నీ చూసుకున్నాక చివరికి డ్రై ఫుడ్ బస్తా దగ్గరికే రావాలి. దాని మీద పన్ను ఉంది. 2017లో జీఎస్టీ తెచ్చినప్పుడు పశువుల దాణా, కోళ్ల మేత, రొయ్యల మేతను పన్ను లేని జాబితాలో పెట్టి, కుక్కల, పిల్లుల ప్యాకెట్ ఆహారాన్ని 18 శాతం స్లాబులో చేర్చారు. ఇంట్లో ఇష్టంగా పెంచుకునేవాళ్లు కొనే వస్తువుగానే చూశారన్నమాట. పైన వేసుకున్న 250 రూపాయల కిలోలో దాదాపు 38 రూపాయలు ఆ లెక్కన పన్నే. 180 కిలోలకు నెలకు 6,800 రూపాయలకు పైగా. వ్యాపారం చేయని షెల్టర్‌కు ఆ డబ్బు తిరిగి రాబట్టుకునే దారి లేదు. గోశాల కొనే దాణాకు లేని పన్ను, పారేసిన పిల్లులను సాకే చోట కొనే తిండికి ఎందుకుండాలి? గుర్తింపు పొందిన షెల్టర్లకైనా మినహాయింపు ఇవ్వమని గట్టిగా అడగాల్సిన విషయం ఇది.

దాతలు పంపే తిండిలోనూ ఒక ఇబ్బంది ఉంది. ఒకరు ఒక బ్రాండు, ఇంకొకరు మరో బ్రాండు, మూడోవారు గడువు దగ్గరపడ్డ ప్యాకెట్లు పంపుతారు. పిల్లుల కడుపు హఠాత్తుగా మారిన తిండిని ఒప్పుకోదు. వంద పిల్లులకు ఒకేసారి విరేచనాలు పట్టుకుంటే ఆ శుభ్రం చేసే పని, మందుల ఖర్చు ఎంతుంటుందో షెల్టర్లో పనిచేసేవాళ్లనే అడగాలి. కొన్నయితే కొత్త తిండి ముట్టుకోవు. ఆకలైతే అదే తింటుందిలే అని వదిలేయడం పిల్లి విషయంలో ప్రమాదం. కొన్ని రోజులు ఏమీ తినకపోతే ఒంటి కొవ్వంతా కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది, బొద్దుగా ఉన్న పిల్లులకు మరీను. అందుకే పంపేముందు 'మీరు ఏ తిండి పెడుతున్నారు' అని ఒక్క మాట అడగడం ఎంతో మేలు చేస్తుంది. వానాకాలంలో బస్తాలకు తేమ తగిలి బూజు పట్టడం, చీమలు పట్టడం వల్ల పోయే సరుకూ తక్కువేం కాదు. మూత గట్టిగా పట్టే డ్రమ్ములు నాలుగు కొనిస్తే అదీ తిండి సాయమే.

ఇక ఆదాయం. ప్రభుత్వ పథకాల్లో పిల్లి దాదాపు కనిపించదు. 2001లో వచ్చిన జంతువుల జనన నియంత్రణ నిబంధనల పేరులోనే కుక్కలు అని ఉండేది, 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చేదాకా అవే నడిచాయి. రేబిస్ భయం ఉంది కాబట్టి మున్సిపాలిటీలు కుక్కల మీద ఖర్చు పెడతాయి, అది న్యాయమే. 2019 పశుగణనలో దేశంలో వీధి కుక్కలు సుమారు 1.53 కోట్లని లెక్క తేలింది. వీధి పిల్లులకు అలాంటి లెక్క లేదు. లెక్కలో లేనిదానికి బడ్జెట్ అడగడం కష్టం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థలకు తిండి, మందుల కోసం గ్రాంట్లు ఇస్తుంది. ఆ గుర్తింపుకు రిజిస్ట్రేషన్, ఆడిట్ అయిన లెక్కలు, తనిఖీలు కావాలి. హైదరాబాద్‌లో 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన బ్లూ క్రాస్, విశాఖలో 1996లో మొదలైన వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలు అన్ని రకాల జంతువులనూ చూస్తాయి, వాటికి ఆ వ్యవస్థ ఉంది. పిల్లుల కోసమే నడిచే చోట్లు చాలావరకు ఎవరో ఒకరి అద్దె ఇల్లు, మేడ మీది గది. వాళ్ల జీతమే మూలధనం.

కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో జంతు సంక్షేమం కూడా ఉంది కాబట్టి కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సీఎస్‌ఆర్ డబ్బు రావచ్చు. వచ్చే డబ్బు ఎక్కువగా అంబులెన్సుకు, ఆపరేషన్ గదికి, పేరు రాయించుకోగల కట్టడానికి వస్తుంది. రేపు ఉదయానికల్లా గిన్నెలో అయిపోయే తిండికి బోర్డు పెట్టలేరు కదా. విదేశాల్లోని తెలుగువాళ్ల సాయానికీ నిబంధనలు అడ్డం. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారు పంపితే వస్తుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని షెల్టర్ దాన్ని తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత అనుమతి ఉన్న పెద్ద సంస్థ ఆ డబ్బును చిన్న షెల్టర్‌కు బదిలీ చేయడమూ కుదరదు. ఎక్కడో డాలస్‌లో ఉన్న ఒకరు, మదనపల్లెలో పిల్లులను సాకే ఒకరు ఇద్దరూ మంచివాళ్లే అయినా మధ్యలో దారి మూసుకుపోతుంది.

బయటికి పెద్దగా మాట్లాడని ఇబ్బంది ఇంకొకటి ఉంది. మన సమాజంలో జంతువుల కోసం ఎక్కువగా దానం చేసేవాళ్లలో చాలామంది శాకాహారులు. గోగ్రాసానికి సంతోషంగా ఇచ్చే చేయి కోడి మాంసం కొనడానికి ఇవ్వాలంటే ఆగుతుంది. ఆ సంకోచాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. అలాంటివారు మందులకు, ఆపరేషన్లకు, అద్దెకు ఇస్తే షెల్టర్ దగ్గరున్న మిగతా డబ్బు తిండికి మళ్లుతుంది. పిల్లి ఎదురొస్తే ఆగిపోయే అలవాటు ఇంకా పోని ఊళ్లలో ఆ పిల్లి ఆకలి గురించి మాట్లాడడమే కష్టమన్నది మాత్రం బాధ కలిగించే నిజం.

విరాళాలు వచ్చే తీరులోనూ తేడా ఉంది. కళ్లు తెరవని కూన ఫోటోకు, కాలు విరిగిన పిల్లి వీడియోకు డబ్బు వస్తుంది. ఆ పిల్లి కోలుకుని, ఎవరూ దత్తత తీసుకోక, షెల్టర్‌లోనే పన్నెండేళ్లు బతికితే ఆ పన్నెండేళ్ల తిండికి ఫోటో ఉండదు. ఏడాదికి 22 కిలోలు, 5,500 రూపాయలు. షెల్టర్ మీద అసలు బరువు ఇలా ఉండిపోయిన పిల్లులదే. ఒంటికన్నువి, నడుము పడిపోయినవి, మనుషులంటే భయం పోనివి, నల్లగా ఉన్నాయని ఎవరూ తీసుకోనివి.

వీటికి తోడు గేటు ముందు అట్టపెట్టెలో వదిలి వెళ్లినవి. కొన్నేళ్లుగా పర్షియన్ పిల్లుల మోజు పెరిగింది. జుట్టు దువ్వడం, కళ్లు తుడవడం రోజూ చేయలేక, ఇల్లు మారుతున్నామనో, ఇంట్లో చంటిబిడ్డ పుట్టిందనో తెచ్చి వదిలేస్తారు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు. వదిలేసేవాడికి 50 రూపాయలు, తీసుకున్న షెల్టర్‌కు ఏడాదికి 5,500.

కాదనలేక అన్నింటినీ తీసుకునే షెల్టరే ముందుగా కూలుతుంది. పిల్లులు కిక్కిరిసిన చోట ఒత్తిడి పెరుగుతుంది, బెరుకువి గిన్నె దాకా రాలేవు, తిండి నేలపాలవుతుంది. ప్యాన్‌ల్యూకోపీనియా లాంటి వైరస్ ఒక్కసారి ప్రవేశిస్తే టీకా పడని కూనలు రోజుల వ్యవధిలో వరసగా పోతాయి, వైరస్ ఆ గదుల్లో నెలల తరబడి ఉండిపోతుంది. దయతో తలుపు తెరిచి ఉంచడమే లోపలున్న వాటికి చేటవుతుంది. ఎన్ని పిల్లులకు ఏడాది పొడవునా తిండి పెట్టగలమో లెక్కేసుకుని, ఆ అంకె దాటకుండా ఉండడానికి చాలా ధైర్యం కావాలి. ఫోన్‌లో ఏడుస్తున్న మనిషికి వద్దని చెప్పాలి కాబట్టి.

వద్దని చెప్పి ఊరుకుంటే ఆ కూనలు రోడ్డు మీదే ఉంటాయి. అందుకే తిండి ఖర్చును నిజంగా తగ్గించగలిగేది ఆపరేషనే. ఆడ పిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రాగలదు, తొమ్మిది వారాల్లో పిల్లలు పెడుతుంది, ఈతకు నాలుగు చొప్పున ఏడాదికి రెండు మూడు ఈతలు. ఆపరేషన్‌కు 2,500 రూపాయలు అవుతుందనుకున్నా ఒక పిల్లి ఏడాది తిండి ఖర్చులో అది సగం కూడా కాదు. వీధిలో ఆరోగ్యంగా ఉన్న పిల్లిని పట్టి, ఆపరేషన్ చేయించి, చెవి కొస గుర్తుగా కత్తిరించి, అక్కడే వదిలి, ఆ వీధివాళ్లనే రోజూ పిడికెడు పెట్టమని ఒప్పించే పద్ధతి షెల్టర్‌లో చోటును నిజంగా దిక్కులేని వాటికి మిగుల్చుతుంది. ముంబయి నగరపాలక సంస్థ 2019లో పిల్లులకూ ఆపరేషన్ల కార్యక్రమం మొదలుపెట్టింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ కార్పొరేషన్లు కుక్కల కోసం ఇప్పటికే నడుపుతున్న కేంద్రాల్లో వారానికి ఒక రోజు పిల్లులకు కేటాయించినా తేడా కనిపిస్తుంది.

దాతల వైపు నుంచి చూస్తే, ఏడాదికి ఒకసారి పుట్టినరోజుకు ఇచ్చే 5,000 కంటే నెలనెలా యూపీఐ ఆటోపేలో వచ్చే 450 ఎక్కువ పనికొస్తుంది. మొత్తం దాదాపు అంతే. కానీ నెలనెలా ఎంత వస్తుందో ముందే తెలిస్తే డిస్ట్రిబ్యూటర్‌తో టోకు ధర మాట్లాడుకోవచ్చు, ఒకే బ్రాండు మీద నిలబడొచ్చు, చిల్లర ప్యాకెట్లు కొనే అవస్థ తప్పుతుంది. నూరుమంది అలా నిలబడితే పైన చెప్పిన 45,000 ప్రతి నెలా సమకూరుతుంది. ఒకే ఊళ్లో నాలుగైదు చిన్న షెల్టర్లు కలిసి ఒకే ఆర్డర్ పెట్టుకుంటే కిలోకు ఇంకొంత తగ్గుతుంది. తీరం ఊళ్లలోని షెల్టర్లు వేట నిషేధానికి ముందే, అంటే మార్చి నెలాఖరుకల్లా, రెండు నెలల సరుకు నిల్వ చేసుకోవాలి. విరాళం ఇవ్వాలనుకునేవారికి అన్నింటికంటే అక్కరకొచ్చే సమయం కూడా అదే.